కంప్యూటర్‌లో సెర్చ్ మొరాయిస్తే: లోపం ఎక్కడుందో తేల్చుకుని సరిచేసుకునే పద్ధతి

ఫైలు ఉంది. ఫోల్డరు తెరిస్తే కంటికి కనిపిస్తూనే ఉంది. అయినా దాని పేరు సెర్చ్ పెట్టెలో టైపు చేస్తే అలాంటిదేమీ లేదని జవాబు వస్తోంది. ఇలాంటప్పుడు మనం సాధారణంగా 'సెర్చ్ పనిచేయడం లేదు' అనేస్తాం కానీ, ఆ ఒక్క ఫిర్యాదు కింద నాలుగు వేర్వేరు లోపాలు దాగి ఉండవచ్చు. సెర్చ్ పెట్టె తెరుచుకోకపోవడం లేదా తెరుచుకున్నా ఖాళీగా ఉండిపోవడం ఒకటి. వెనుక నడవవలసిన సర్వీసు ఆగిపోవడం రెండోది. ఇండెక్స్ (ఫైళ్ల సూచిక) పాడైపోవడమో, సగంలో నిలిచిపోవడమో మూడోది. అన్నీ సక్రమంగానే ఉండి, మనం వెతుకుతున్న ఫైలు అసలు ఇండెక్స్ పరిధిలోకే రాకపోవడం నాలుగోది. వీటిలో ఒకదానికి చేసే వైద్యం మరొకదానికి పనికిరాదు.

చాలామంది మొదటి అడుగులోనే ఇండెక్స్‌ను తుడిచేసి రీబిల్డ్ చేయడం, అంటే మళ్లీ మొదటి నుంచి కట్టించడం, మొదలుపెడతారు. లోపం సెర్చ్ పెట్టెలోనే ఉన్నట్లయితే ఆ పని వల్ల గంటల సమయం పోవడం తప్ప ఒరిగేదేమీ ఉండదు. పైగా అప్పటిదాకా బాగున్న ఇండెక్స్ కూడా లేకుండా పోతుంది. అందుకే ముందు లోపం ఎక్కడుందో తేల్చుకుని, ఆ తరువాత తేలికైన చికిత్స నుంచి బరువైన చికిత్స వైపు వెళ్లడం మంచిది. ఇక్కడ చెప్పేది ప్రధానంగా విండోస్ 10, విండోస్ 11 లకు వర్తిస్తుంది. మాక్ వాడేవారికి అవసరమైన నాలుగు మాటలు చివర్లో ఉన్నాయి.

తెర వెనుక ఏం జరుగుతుంది

విండోస్‌లో వెతకడం ఒకే ప్రోగ్రాము చేసే పని కాదు. 'విండోస్ సెర్చ్' అనే సర్వీసు కంప్యూటర్ ఆన్ అయిన కొద్దిసేపటికి మొదలై వెనుక నడుస్తూ ఉంటుంది. ఇది కొత్తగా చేరిన ఫైళ్లను, మారిన ఫైళ్లను గమనించి, వాటి పేర్లు, తేదీలు, వీలైన చోట్ల లోపలి పాఠ్యం కూడా చదివి ఒక డేటాబేసులో నమోదు చేసుకుంటుంది. ఆ డేటాబేసే ఇండెక్స్. పుస్తకం చివర ఇచ్చే అకారాది సూచికకు పుస్తకంతో ఉన్న సంబంధమే దీనికి మన ఫైళ్లతో ఉంది: సూచికలో పదం నమోదు కాకపోతే, పేజీలో ఆ పదం ఎంత స్పష్టంగా ఉన్నా సూచిక ద్వారా దొరకదు. మామూలుగా ఈ డేటాబేసు సి డ్రైవులోని ప్రోగ్రామ్‌డేటా అనే దాగి ఉండే ఫోల్డరు లోపల, మైక్రోసాఫ్ట్, సెర్చ్ అనే ఫోల్డర్ల కింద ఉంటుంది.

టాస్క్‌బార్ మీద మనకు కనిపించే సెర్చ్ పెట్టె పూర్తిగా వేరే ప్రోగ్రాము. విండోస్ 11 లో దాని పేరు సెర్చ్‌హోస్ట్. విండోస్ 10 లోని ఇటీవలి వెర్షన్లలో సెర్చ్‌యాప్. ఇది ఇండెక్స్‌ను అడిగి ఫలితాలు తెచ్చి చూపించడమే కాకుండా, ఇంటర్నెట్ నుంచి కూడా సూచనలు తెస్తుంది. ఫైల్ ఎక్స్‌ప్లోరర్ పైభాగంలో ఉండే సెర్చ్ పెట్టె మూడో దారి. అది ఇండెక్స్ ఉన్న ఫోల్డర్లలో ఇండెక్స్‌ను వాడుకుంటుంది, లేని చోట్ల ఒక్కొక్క ఫోల్డరూ తెరిచి చూసుకుంటూ పోతుంది. ఈ దారులు వేర్వేరు కాబట్టే ఒకచోట దొరకని ఫైలు మరోచోట దొరుకుతుంది. ఆ తేడాయే మనకు లోపాన్ని పట్టించే ఆధారం.

రెండు నిమిషాల పరీక్ష

నోట్‌ప్యాడ్ తెరిచి, మరే ఫైలులోనూ ఉండే అవకాశం లేని ఒక మాటను, ఉదాహరణకు 'మందారగిరి' అని ఇంగ్లీషు అక్షరాల్లో టైపు చేయండి. తెలుగు అక్షరాలు వద్దనడానికి కారణం ఉంది: లిపికి, ఎన్‌కోడింగ్‌కు (అక్షరాలను నిల్వచేసే సంకేతాలకు) సంబంధించిన సందేహం ఈ పరీక్షలో కలవకూడదు. ఆ ఫైలును డాక్యుమెంట్స్ ఫోల్డరులో వేరే పేరుతో, 'నమూనా' అనో మరొకటో, అదీ ఇంగ్లీషు అక్షరాల్లోనే సేవ్ చేయండి. లోపలి మాట, పైపేరు ఒకటే కాకూడదన్నది ముఖ్యం. ఒకటి రెండు నిమిషాలు ఆగిన తరువాత ఫైల్ ఎక్స్‌ప్లోరర్‌లో డాక్యుమెంట్స్ తెరిచి ముందు ఫైలు పేరుతో, తరువాత లోపలి మాటతో వెతకండి. ఆపైన టాస్క్‌బార్ సెర్చ్‌లో కూడా అవే రెండు మాటలతో ప్రయత్నించండి.

రెండు చోట్లా రెండు రకాలుగానూ దొరికితే సెర్చ్ ఆరోగ్యంగానే ఉంది. మీకు దొరకని ఫైలే ఇండెక్స్ పరిధి బయట ఉందని అర్థం. ఎక్స్‌ప్లోరర్‌లో లోపలి మాటతో దొరికి, టాస్క్‌బార్‌లో మాత్రం దొరకకపోయినా, పెట్టె ఖాళీగా కనిపించినా, ఇండెక్స్ బాగానే ఉండి పైనున్న పెట్టె చెడిందన్నమాట. ఎక్స్‌ప్లోరర్‌లో పేరుతో దొరికి, లోపలి మాటతో దొరకకపోతే అనుమానించవలసింది ఇండెక్స్‌నూ, సర్వీసునూ. ఇండెక్స్ అందనప్పుడు ఎక్స్‌ప్లోరర్ పేర్లను మాత్రం ఒక్కొక్కటిగా చూసుకుంటూ పోయి ఎలాగో తెచ్చిపెడుతుంది కాబట్టి, పేరు దొరికినంత మాత్రాన ఇండెక్స్ బాగుందని అనుకోకూడదు. పెద్ద ఫోల్డరులో వెతికేటప్పుడు చిరునామా పట్టీలో ఆకుపచ్చ గీత నత్తనడకన జరుగుతూ పోవడం గమనించారంటే, అక్కడ ఇండెక్స్ వాడుకలో లేదనడానికి అదే గుర్తు.

ఫలితాన్ని బట్టి కింది భాగాల్లో మీకు సంబంధించిన దానికి నేరుగా వెళ్లవచ్చు. అయితే ఏది చేసే ముందైనా ఒకసారి కంప్యూటర్‌ను రీస్టార్ట్ చేయండి. షట్‌డౌన్ చేసి ఆన్ చేయడం, రీస్టార్ట్ చేయడం ఒకటి కాదు. విండోస్‌లో ఫాస్ట్ స్టార్టప్ పెట్టి ఉన్నప్పుడు షట్‌డౌన్ చేసినా సిస్టమ్ లోపలి స్థితి కొంత డిస్కులో దాచుకుని మళ్లీ అదే తెచ్చుకుంటుంది. రీస్టార్ట్‌లోనే అంతా కొత్తగా మొదలవుతుంది.

సెర్చ్ పెట్టె చెడినప్పుడు

ఇక్కడ ఒక చిక్కు ఉంది. మనలో చాలామంది ఏ సెట్టింగు తెరవాలన్నా సెర్చ్‌లోనే టైపు చేసి తెరవడానికి అలవాటుపడ్డాం, ఇప్పుడు చెడినది ఆ దారే. కాబట్టి మిగతా దారులు గుర్తుంచుకోవాలి. విండోస్ కీ పట్టుకుని ఆర్ నొక్కితే రన్ పెట్టె వస్తుంది. విండోస్ కీతో ఐ నొక్కితే సెట్టింగ్స్, ఎక్స్ నొక్కితే టాస్క్ మేనేజర్, టెర్మినల్ వంటివి ఉన్న మెనూ వస్తాయి. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ నేరుగా తెరుచుకుంటుంది.

టాస్క్ మేనేజర్‌లో డీటెయిల్స్ అనే భాగానికి వెళ్లి, విండోస్ 11 లో సెర్చ్‌హోస్ట్‌ను, విండోస్ 10 లో సెర్చ్‌యాప్‌ను ఎంచుకుని ఎండ్ టాస్క్ నొక్కండి. దీనివల్ల నష్టమేమీ లేదు. మీరు మళ్లీ సెర్చ్ మీద క్లిక్ చేయగానే అది తనంతట తానే కొత్తగా మొదలవుతుంది. అప్పటికీ మార్పు లేకపోతే ప్రాసెసెస్ భాగంలో విండోస్ ఎక్స్‌ప్లోరర్‌ను ఎంచుకుని రీస్టార్ట్ చేయండి. టాస్క్‌బార్ ఒక్క క్షణం మాయమై తిరిగి వస్తుంది, కంగారుపడనక్కరలేదు.

పెట్టె తెరుచుకుంటోంది కానీ అందులో అక్షరాలు పడటం లేదంటే దోషం వేరేచోట ఉంది. టైపు చేసిన అక్షరాలను ఇలాంటి పెట్టెలకు అందించే పనిలో సీటీఎఫ్‌మాన్ (ctfmon) అనే చిన్న ప్రోగ్రాముకు భాగం ఉంది. అది ఆగిపోతే కీబోర్డు మిగతా చోట్ల పనిచేస్తున్నా ఇక్కడ మూగపోతుంది. రన్ పెట్టెలో ఆ పేరునే ఇంగ్లీషులో టైపు చేసి ఎంటర్ నొక్కితే అది మొదలవుతుంది. ప్రతి రీస్టార్ట్ తరువాతా ఇదే తంతు నడుస్తుంటే, స్టార్టప్ ప్రోగ్రాములను కత్తిరించే ఏదో సాఫ్ట్‌వేర్ దాన్ని ఆపేస్తోందేమో చూడాలి.

పెట్టె తెరుచుకుని పూర్తిగా ఖాళీగా కనిపించే లోపానికి ఒక్కోసారి మన కంప్యూటర్‌తో సంబంధమే ఉండదు. 2020 ఫిబ్రవరి 5న ప్రపంచవ్యాప్తంగా ఎన్నో విండోస్ 10 కంప్యూటర్లలో సెర్చ్ ఖాళీగా తెరుచుకుంది. కారణం మైక్రోసాఫ్ట్ సర్వర్ల వైపు తలెత్తిన అంతరాయం. సొంత డిస్కులో ఉన్న ఫైలును వెతకడానికి దూరంగా ఉన్న సర్వరు ఎందుకు అడ్డురావాలన్నది న్యాయమైన ప్రశ్నే. ఏమైనా, ఇలాంటి లక్షణం కనిపించినప్పుడు ఒకసారి ఇంటర్నెట్ తెంచి వెతికి చూడండి. అప్పుడు పనిచేస్తే లోపం వెబ్ ఫలితాల వైపు ఉందని తేలిపోతుంది కాబట్టి, ఇండెక్స్ జోలికి పోకుండా కొన్ని గంటలు ఆగడం ఉత్తమం.

ఇవేవీ ఫలించకపోతే సెట్టింగ్స్‌లోని అకౌంట్స్ భాగంలో కొత్తగా ఒక స్థానిక యూజర్ ఖాతా సృష్టించి, అందులోకి లాగిన్ అయి చూడండి. అక్కడ సెర్చ్ చక్కగా పనిచేస్తే విండోస్ మొత్తం బాగానే ఉండి, మీ ఖాతాకు చెందిన సమాచారమే పాడైందని రూఢి అవుతుంది.

సర్వీసు ఆగిపోయినప్పుడు

రన్ పెట్టెలో 'సర్వీసెస్ డాట్ ఎమ్మెస్సీ' (services.msc) అని ఇంగ్లీషులో టైపు చేసి ఎంటర్ నొక్కితే సర్వీసుల జాబితా వస్తుంది. అందులో దాదాపు చివర్లో విండోస్ సెర్చ్ ఉంటుంది. స్టేటస్ గడిలో 'రన్నింగ్' అని, స్టార్టప్ టైప్ గడిలో 'ఆటోమేటిక్ (డిలేడ్ స్టార్ట్)' అని ఉండాలి. డిలేడ్ అంటే కంప్యూటర్ తెరుచుకున్న వెంటనే కాకుండా కొంచెం ఆగి మొదలవుతుందని. అందువల్ల ఆన్ చేసిన మొదటి ఒకటి రెండు నిమిషాల్లో సెర్చ్ తడబడితే దాన్ని లోపంగా లెక్కించకూడదు.

స్టార్టప్ టైప్ 'డిసేబుల్డ్' అని కనిపిస్తే అది దానంతట అది జరిగిన పని కాదు, ఎవరో ఆపి ఉంటారు. కంప్యూటర్ వేగం పెరుగుతుందని చెప్పే ట్యూనింగ్ సాఫ్ట్‌వేర్లు, ఆన్‌లైన్ చిట్కాలు మొట్టమొదట చేయించే పనుల్లో ఈ సర్వీసును ఆపించడం ఒకటి. పాతకాలపు నెమ్మది హార్డు డిస్కుల మీద ఆ సలహాకు కొంత అర్థం ఉండేది. ఎస్‌ఎస్‌డీ (వేగంగా పనిచేసే కొత్తరకం డిస్కు) ఉన్న కంప్యూటర్లో దానివల్ల కలిగే లాభం కంటే కోల్పోయేదే ఎక్కువ అని నా అభిప్రాయం. ఆ వరుస మీద రెండుసార్లు క్లిక్ చేసి, స్టార్టప్ టైప్‌ను ఆటోమేటిక్ (డిలేడ్ స్టార్ట్)కు మార్చి, అప్లై నొక్కి, తరువాత స్టార్ట్ నొక్కండి. ఇప్పటికే రన్నింగ్ అని ఉన్నా, కుడి క్లిక్ చేసి రీస్టార్ట్ ఇవ్వడం వల్ల నష్టం లేదు. ఇరుక్కుపోయిన ఇండెక్సర్ (ఇండెక్స్ కట్టే భాగం) దాంతో కదిలిన సందర్భాలు తక్కువేమీ కాదు.

స్టార్ట్ నొక్కగానే ఎర్రర్ చూపించి ఆగిపోతే ముందుగా సి డ్రైవులో ఖాళీ ఎంత ఉందో చూడండి. డిస్కు నిండిపోయినప్పుడు డేటాబేసు రాసుకోవడానికి చోటు లేక ఇండెక్సింగ్ ఆగిపోతుంది.

ఇండెక్స్ ఏమంటోందో చదవడం

రన్ పెట్టెలో ఇంగ్లీషులో 'కంట్రోల్' అని టైపు చేసి ఎంటర్ నొక్కితే కంట్రోల్ ప్యానెల్ వస్తుంది. పైన కుడివైపు 'వ్యూ బై' దగ్గర స్మాల్ ఐకాన్స్ ఎంచుకుంటే ఇండెక్సింగ్ ఆప్షన్స్ కనిపిస్తుంది. ఈ కిటికీ పైభాగంలో ఇప్పటివరకు ఎన్ని అంశాలు ఇండెక్స్ అయ్యాయో, ప్రస్తుత స్థితి ఏమిటో ఒక వాక్యంలో ఉంటుంది. చాలామంది దాన్ని చదవకుండానే కింద ఉన్న బటన్ల మీదికి వెళ్లిపోతారు. నిజానికి సగం రోగనిర్ధారణ ఆ వాక్యంలోనే ఉంది.

'ఇండెక్సింగ్ కంప్లీట్' అని ఉంటే పని పూర్తయినట్టు. 'యూజర్ యాక్టివిటీ వల్ల వేగం తగ్గింది' అనే అర్థం వచ్చే వాక్యం ఉంటే, మీరు పని చేసుకుంటున్నారు కాబట్టి ఇండెక్సర్ పక్కకు తప్పుకుని నెమ్మదిగా నడుస్తోందని. కంప్యూటర్‌ను ఆన్‌లోనే ఉంచి కాసేపు వదిలేస్తే అదే ముందుకు సాగుతుంది. బ్యాటరీ పొదుపు కోసం ఆగిందని ఉంటే ఛార్జరు పెట్టండి. 'ఇండెక్సింగ్ ఈజ్ నాట్ రన్నింగ్' అని ఉంటే సర్వీసు ఆగిపోయిందని, పైన చెప్పిన భాగానికి తిరిగి వెళ్లాలని అర్థం. డిస్కులో స్థలం చాలడం లేదని ఉంటే ఖాళీ చేయాలి. 'స్థితి కోసం ఎదురుచూస్తున్నాం' అన్న ధోరణిలో ఒక వాక్యం గంటల తరబడి కదలకుండా ఉండిపోయి, బటన్లన్నీ మసకబారి ఉంటే మాత్రం సర్వీసుకో, డేటాబేసుకో నిజంగానే దెబ్బ తగిలిందని అనుమానించవచ్చు.

అంశాల సంఖ్య కూడా మాట్లాడుతుంది. వేల ఫైళ్లున్న కంప్యూటర్లో ఆ సంఖ్య పదుల్లోనో, వందల్లోనో ఆగిపోయి ఉంటే ఇండెక్స్ అసంపూర్తిగా ఉంది. మరోవైపు అంశాలు 4,00,000 దాటితే వేగం మందగించవచ్చని, సుమారు 10 లక్షల దగ్గర ఇండెక్సర్ సామర్థ్యానికి పరిమితి ఉందని మైక్రోసాఫ్ట్ చెబుతోంది. ప్రోగ్రామింగ్ ప్రాజెక్టుల్లో లక్షల కొద్దీ చిన్న చిన్న ఫైళ్లు పేరుకుపోయిన ఫోల్డర్లు ఉన్నవారికి ఇది తరచూ ఎదురయ్యే ఇబ్బంది. వాటిని పరిధి నుంచి తప్పిస్తే మిగతా సెర్చ్ తేరుకుంటుంది.

ఫైలు పరిధిలోనే లేనప్పుడు

వాస్తవానికి 'సెర్చ్ పనిచేయడం లేదు' అన్న ఫిర్యాదుల్లో పెద్ద భాగం ఇక్కడే తేలుతుందని నా నమ్మకం. విండోస్ 11 సెట్టింగ్స్‌లో ప్రైవసీ అండ్ సెక్యూరిటీ కింద, విండోస్ 10 లో సెర్చ్ అనే భాగం కింద 'సెర్చింగ్ విండోస్' అని ఉంటుంది. కొన్ని కొత్త వెర్షన్లలో ఇది కేవలం 'సెర్చ్' అన్న పేరుతో కనిపించవచ్చు. అందులో క్లాసిక్, ఎన్‌హాన్స్‌డ్ అనే రెండు పద్ధతులుంటాయి. క్లాసిక్‌లో డాక్యుమెంట్స్, పిక్చర్స్, మ్యూజిక్, డెస్క్‌టాప్ వంటి కొన్ని ఫోల్డర్లే ఇండెక్స్ అవుతాయి. మీ ఫైళ్లు డి డ్రైవులోనో, సి డ్రైవులో మీరు విడిగా పెట్టుకున్న ఫోల్డరులోనో ఉంటే క్లాసిక్ పద్ధతి వాటివైపు కన్నెత్తి కూడా చూడదు. అలాంటప్పుడు ఇండెక్సింగ్ ఆప్షన్స్‌లో మాడిఫై నొక్కి ఆ ఫోల్డర్ల పక్కన టిక్ పెట్టుకుంటే చాలు. ఎన్‌హాన్స్‌డ్ పద్ధతి మొత్తం కంప్యూటర్‌ను ఇండెక్స్ చేస్తుంది. మొదట్లో ప్రాసెసరు మీద, బ్యాటరీ మీద భారం పడుతుంది. నన్ను అడిగితే, ఫైళ్లు రెండు మూడు చోట్ల మాత్రమే ఉన్నవారు క్లాసిక్‌లో ఆ చోట్లను చేర్చుకోవడమే మేలు. ఆ సెట్టింగ్స్ పేజీలోనే మినహాయించిన ఫోల్డర్ల జాబితా కూడా ఉంటుంది. మీ ఫోల్డరు పొరపాటున అందులో చేరిందేమో చూడండి.

పేరుతో దొరికి లోపలి మాటతో దొరకని ఫైళ్ల సంగతి వేరు. ఇండెక్సింగ్ ఆప్షన్స్‌లో అడ్వాన్స్‌డ్ నొక్కి, ఫైల్ టైప్స్ అనే భాగంలో ఆ రకం ఫైలు పొడిగింపును ఎంచుకోండి. కింద 'ప్రాపర్టీస్ ఓన్లీ' అని ఉంటే పేరు, తేదీ మాత్రమే నమోదవుతాయి. 'ప్రాపర్టీస్ అండ్ ఫైల్ కంటెంట్స్' అని మారిస్తేనే లోపలి పాఠ్యం చేరుతుంది. ఎంచుకున్న రకానికి ఎదురుగా, దాన్ని చదవగలిగే ఫిల్టరు ఏదీ లేదని కనిపిస్తే, ఆ ఫైలును తయారుచేసే సాఫ్ట్‌వేర్‌ను ఇన్‌స్టాల్ చేయడమే పరిష్కారం, ఎందుకంటే సాధారణంగా ఫిల్టరు దానితోపాటే వస్తుంది.

పీడీఎఫ్ ఫైళ్ల విషయంలో విండోస్ 8 నుంచి ఫిల్టరు లోపలే ఉంది. అయినా కొన్ని పీడీఎఫ్‌లలో ఏ మాట వెతికినా దొరకకపోతే, ఆ ఫైలు తెరిచి అక్షరాలను మౌస్‌తో ఎంచుకునే ప్రయత్నం చేయండి. అక్షరాలు ఎంపిక కాకుండా పేజీ మొత్తం ఒకే చిత్రంలా ప్రవర్తిస్తే అది స్కాన్ చేసిన కాగితం. అందులో మన కంటికి అక్షరాలు కనిపిస్తాయి కానీ కంప్యూటర్ దృష్టిలో అది ఫొటోయే. ఓసీఆర్ (చిత్రంలోని అక్షరాలను గుర్తించి పాఠ్యంగా మార్చే పని) చేయిస్తే తప్ప దాని పాఠ్యం ఇండెక్స్‌లోకి రాదు.

తెలుగు పత్రాలకు మరో చిక్కు ఉంది. యూనికోడ్ (అన్ని కంప్యూటర్లకూ ఉమ్మడిగా ఉండే అక్షర సంకేతాల పద్ధతి) రాకముందు డీటీపీలో (కంప్యూటర్‌తో పేజీల కూర్పులో) వాడిన ఫాంట్లతో, ఉదాహరణకు అను ఫాంట్లతో, టైపు చేసిన పత్రంలో తెరమీద తెలుగు కనిపించినా లోపల నిల్వ ఉండేది వేరే సంకేతాలు. యూనికోడ్ తెలుగులో టైపు చేసి వెతికితే అవి దొరకవు. సెర్చ్‌ను ఎంత బాగుచేసినా ప్రయోజనం ఉండదు. పత్రాన్నే కన్వర్టరుతో యూనికోడ్‌లోకి మార్చుకోవాలి, లేదా కనీసం ఫైలు పేరునైనా యూనికోడ్‌లో అర్థవంతంగా పెట్టుకోవాలి.

ఇంకా కొన్ని చిన్న తాళాలున్నాయి. ఫోల్డరు మీద కుడి క్లిక్ చేసి ప్రాపర్టీస్, తరువాత అడ్వాన్స్‌డ్ నొక్కితే, ఫైళ్లలోని పాఠ్యాన్ని కూడా ఇండెక్స్ చేయడానికి అనుమతించే టిక్ కనిపిస్తుంది. అది తీసేసి ఉంటే పెట్టండి. డ్రైవు ప్రాపర్టీస్‌లోనూ ఇలాంటిదే ఒకటి ఉంటుంది. మైక్రోసాఫ్ట్ ఆన్‌లైన్ నిల్వ అయిన వన్‌డ్రైవ్‌లో 'ఆన్‌లైన్ ఓన్లీ'గా ఉన్న ఫైళ్ల పేర్లు దొరుకుతాయి కానీ, వాటి పాఠ్యం మన డిస్కులో ఉండదు కాబట్టి లోపలి మాటతో దొరకవు. నెట్‌వర్క్ డ్రైవులు కూడా మామూలుగా మన ఇండెక్స్‌లో చేరవు.

ఇండెక్స్ లేని ఫోల్డరులో ఎప్పుడో ఒకసారి లోపలి మాట వెతకవలసి వస్తే, దాన్ని శాశ్వతంగా చేర్చనక్కరలేదు. ఎక్స్‌ప్లోరర్ ఫోల్డర్ ఆప్షన్స్‌లోని సెర్చ్ భాగంలో, పేర్లతోపాటు పాఠ్యం కూడా ఎప్పుడూ వెతకమనే ఎంపిక ఉంది. అది నిదానంగా నడుస్తుంది గనుక పని అయ్యాక తీసేయండి. మరొక చిన్న మాట: ఫలితాలు మరీ ఎక్కువగా వచ్చి కావలసినది కనపడకపోతే, మాటకు ముందు ఇంగ్లీషులో 'నేమ్' అని పెట్టి కోలన్ చేర్చితే పేర్లలోనే, 'కంటెంట్' అని పెట్టి కోలన్ చేర్చితే పాఠ్యంలోనే వెతుకుతుంది. విండోస్ ఇంగ్లీషులో ఉన్నప్పుడు ఇవి పనిచేస్తాయి.

అవుట్‌లుక్‌లో ఈమెయిల్స్ దొరకనప్పుడు కూడా ఇదే ఇండెక్స్‌ను అనుమానించవచ్చు, అయితే పాత క్లాసిక్ అవుట్‌లుక్ విషయంలోనే. దాని సెర్చ్ పెట్టెలో క్లిక్ చేసి, సెర్చ్ టూల్స్‌లో ఇండెక్సింగ్ స్టేటస్ చూస్తే ఇంకా ఎన్ని మెయిల్స్ మిగిలాయో తెలుస్తుంది. మాడిఫై జాబితాలో అవుట్‌లుక్ పక్కన టిక్ ఉండాలి.

రీబిల్డ్ ఎప్పుడు, ఎలా

పరిధి సరిగ్గానే ఉండి, సర్వీసు నడుస్తూ, స్థితి వాక్యం పూర్తయిందని చెబుతున్నా ఫలితాలు తప్పుగా వస్తున్నాయంటే, ఉదాహరణకు ఎప్పుడో తొలగించిన ఫైళ్లు కనిపిస్తూ కొత్తవి కనిపించకపోతే, అప్పుడు రీబిల్డ్‌కు సమయం వచ్చినట్టే. దానికంటే ముందు ఒకసారి ట్రబుల్‌షూటర్ నడపండి: ఇండెక్సింగ్ ఆప్షన్స్‌లోని అడ్వాన్స్‌డ్ కిటికీలో దాని లింకు ఉంటుంది. అది అద్భుతాలేమీ చేయదు గానీ ఫోల్డర్ల అనుమతుల వంటి చిన్న లోపాలను సరిచేస్తుంది.

రీబిల్డ్ బటన్ కూడా అదే అడ్వాన్స్‌డ్ కిటికీలో ఉంది. దాన్ని నొక్కితే మీ ఫైళ్లలో ఒక్కటి కూడా చెరిగిపోదు. చెరిగేది ఇండెక్స్ మాత్రమే. నొక్కిన తరువాత ఛార్జరు పెట్టి, స్లీప్‌లోకి వెళ్లకుండా చూసి, వీలైతే రాత్రంతా వదిలేయండి. ఫైళ్ల సంఖ్యను బట్టి కొన్ని గంటలు పట్టవచ్చు. ఆ మధ్యలో ఫలితాలు అరకొరగా రావడం సహజం. అందరూ చేసే పొరపాటు ఏమిటంటే, గంట తరువాత చూసి 'ఇంకా బాగుపడలేదు' అని మళ్లీ రీబిల్డ్ నొక్కడం. నొక్కిన ప్రతిసారీ పని సున్నా నుంచి మొదలవుతుంది. అంశాల సంఖ్య పెరుగుతూ ఉన్నంతకాలం దాని మానాన దాన్ని వదిలేయాలి.

సంఖ్య ఎన్ని గంటలైనా ఒకేచోట నిలిచిపోతే ఏదో ఒక ఫైలు దగ్గర ఇండెక్సర్ చిక్కుకుందని ఊహించవచ్చు. మాడిఫై జాబితాలో ఫోల్డర్లన్నీ తీసేసి, ఒక్కొక్కటిగా చేర్చుకుంటూ పోతే ఏ ఫోల్డరు దగ్గర ఆగుతోందో తెలుస్తుంది. ఓపిక కావలసిన పనే, కానీ పదేపదే రీబిల్డ్ చేయడం కంటే ఇదే త్వరగా తెములుతుంది. సి డ్రైవులో చోటు తక్కువగా ఉన్నవారు అడ్వాన్స్‌డ్ కిటికీలోనే ఇండెక్స్‌ను మరో అంతర్గత డ్రైవుకు మార్చుకునే వీలుంది. మనం తరచూ తీసేసే బయటి డ్రైవులకు మాత్రం మార్చకూడదు.

విండోస్ ఫైళ్లే పాడైతే

పైన చెప్పినవేవీ ఫలించనప్పుడు సిస్టమ్ ఫైళ్లను పరీక్షించాలి. విండోస్ కీ, ఎక్స్ నొక్కి అడ్మిన్ అని ఉన్న టెర్మినల్‌ను, విండోస్ 10 అయితే అడ్మిన్ పవర్‌షెల్‌ను తెరవండి. ముందుగా విండోస్ ఫైళ్లను బాగుచేసే డిఐఎస్‌ఎం (DISM) ఆదేశం ఇవ్వాలి: ఆ నాలుగు అక్షరాల తరువాత ఖాళీ వదిలి, ముందుకు వాలిన గీతతో (/) ఆన్‌లైన్, మళ్లీ ఖాళీ, అదే గీతతో క్లీనప్ హైఫన్ ఇమేజ్, మళ్లీ ఖాళీ, అదే గీతతో రిస్టోర్‌హెల్త్. మాటల మధ్య ఖాళీలు, హైఫన్ సరిగ్గా పడాలి. ఇది అవసరమైన ఫైళ్లను మామూలుగా విండోస్ అప్‌డేట్ ద్వారా తెచ్చుకుంటుంది కాబట్టి ఇంటర్నెట్ ఉండాలి. మధ్యలో ఒక శాతం దగ్గర కాసేపు ఆగినట్టు కనిపించినా కిటికీ మూయకండి. అది ముగిశాక సిస్టమ్ ఫైళ్లను సరిచూసే ఎస్‌ఎఫ్‌సీ (SFC), ఖాళీ, ముందుకు వాలిన గీతతో స్కాన్‌నౌ అని ఇవ్వండి. రెండూ పూర్తయ్యాక రీస్టార్ట్ చేసి, మొదట చేసిన పరీక్షనే మళ్లీ చేయండి.

ఏదో ఒక అప్‌డేట్ వచ్చిన రోజు నుంచే ఇబ్బంది మొదలైందని మీకు గట్టిగా తెలిస్తే, అప్‌డేట్ చరిత్రలోంచి దాన్ని తొలగించి చూడవచ్చు. విండోస్ 11 లోని ఇటీవలి వెర్షన్లలో సెట్టింగ్స్, సిస్టమ్, రికవరీ కింద విండోస్ అప్‌డేట్ ద్వారానే విండోస్‌ను మళ్లీ ఇన్‌స్టాల్ చేసే ఎంపిక ఉంది. ఫైళ్లు, ప్రోగ్రాములు, సెట్టింగ్స్ అలాగే ఉంటాయి. అయినా ముఖ్యమైనవి వేరేచోట కాపీ చేసుకోకుండా దాని జోలికి వెళ్లవద్దు. విండోస్ 10 కు సాధారణ మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది కాబట్టి, అందులో మిగిలిన లోపాలు తరువాతి అప్‌డేట్‌లో సర్దుకుంటాయని ఎదురుచూడటంలో పెద్ద అర్థం లేదు.

మాక్‌లోనూ, తాత్కాలికంగానూ

మాక్‌లో ఇదే పని చేసేది 2005 నుంచి ఉన్న స్పాట్‌లైట్. ఇక్కడ రీబిల్డ్ అని నేరుగా బటన్ ఉండదు. సిస్టమ్ సెట్టింగ్స్‌లో స్పాట్‌లైట్‌కు సంబంధించిన భాగంలో, వెతకకూడని చోట్లను పేర్కొనే ప్రైవసీ జాబితా ఉంటుంది. అందులో మీ డిస్కును చేర్చి, కిటికీ మూసి, మళ్లీ తెరిచి ఆ జాబితా నుంచి డిస్కును తీసేస్తే స్పాట్‌లైట్ ఇండెక్స్‌ను మొదటి నుంచి కట్టుకుంటుంది. ఇక్కడా గంటలు పట్టవచ్చు.

ఇండెక్స్ సిద్ధమయ్యేలోగా పని ఆగకూడదనుకునే విండోస్ వినియోగదారులు ఎవ్రీథింగ్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌ను వాడుకోవచ్చు. ఎన్‌టీఎఫ్‌ఎస్ (విండోస్ డిస్కుల్లో ఫైళ్లు అమర్చే పద్ధతి) డ్రైవులు తమ ఫైళ్ల వివరాలను నమోదు చేసుకునే పట్టికనే అది నేరుగా చదువుతుంది కాబట్టి, మొత్తం డ్రైవులోని పేర్లు క్షణాల్లో దొరుకుతాయి. అది మామూలుగా ఇండెక్స్ చేసుకునేది పేర్లనే. లోపలి పాఠ్యం వెతకమంటే ప్రతి ఫైలునూ తెరిచి చూడాలి కనుక చాలా నెమ్మదిస్తుంది. డ్రైవును నేరుగా చదవడానికి దానికి అడ్మిన్ అనుమతి కావాలి. కాబట్టి ఆఫీసు వారు ఇచ్చిన కంప్యూటర్లో అక్కడి ఐటీ విభాగాన్ని అడిగిన తరువాతే ఇన్‌స్టాల్ చేయండి.